డాబా మీద సెకండ్ షో

ఫోన్ మోగేసరికి టాకీసు తన వంటిల్లు సర్దేసి, గట్టు తుడిచి, లైటు ఆర్పబోతోంది. అవతల లాయరు, హాస్టల్ నాటి స్నేహితురాలు. దానికి పలకరింపులూ కుశల ప్రశ్నలూ ఏనాడూ లేవు.

"ఒసేయ్, టీవీ పెట్టు. పాత సినిమాల ఛానెల్లో మన సినిమా వేస్తున్నాడు."

"మన సినిమా అంటే?"

"అక్కాచెల్లెళ్ళది. ఇప్పుడే పేర్లు పడుతున్నాయి. ఫోన్ కట్ చెయ్యకు. స్పీకర్లో పెట్టి పక్కనుంచుకో, ఇద్దరం కలిసి చూద్దాం."

టాకీసు చెయ్యి స్విచ్చి మీద అలాగే ఉండిపోయింది. "నేను చూడనే. నీకు తెలుసుగా."

"తెలుసు తల్లీ. ముప్పై ఏళ్ళుగా ఇదే పాట. పోనీ ఇంటర్వెల్ దాకా చూడు. ఆ తర్వాత కట్టేసి పడుకో."

ఇంటర్వెల్ దాకా అంటే టాకీసుకి అభ్యంతరం లేదు. ఇంటర్వెల్ దాకా ఏ సినిమా అయినా చూసేస్తుంది. చిక్కంతా ఆ తర్వాతే. టీవీ పెట్టి, ఫోన్ పక్కనుంచుకుని కూర్చుంది.

ఇప్పుడు ఆవిణ్ణి టాకీసని పిలిచేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. బళ్ళో పిల్లలకి ఆవిడ సైన్సు మేడం, మొగుడికి 'ఏమోయ్'. ఆ లేడీస్ హాస్టల్లో ఆవిడతో కలిసి చప్పటి చారు తాగినవాళ్ళకి మాత్రమే టాకీసు. లాయరు కూడా లా కాలేజీ గుమ్మం తొక్కినది కాదు, బ్యాంకులో పనిచేసి మొన్నీమధ్యే వయసు రాకముందే వాలంటరీ రిటైర్మెంటు తీసుకుంది. ప్రతి చిన్నదానికీ ఆధారాలేవి, సాక్ష్యమేది అని పీకల మీద కూర్చునేది కాబట్టి ఆ పేరు. పెట్టింది టాకీసే.

వాళ్ళ కాలేజీ ఉన్నది చిన్న ఊళ్ళో. బస్టాండూ, ఒక సినిమాహాలూ, ఆ రెంటి మధ్యా ఒక పెద్ద వీధీ. కానీ రాత్రయితే అదే ఊరు అబ్బాయిలకి రాజధాని అయ్యేది. అబ్బాయిల హాస్టల్‌కి గోడ కట్టింది దూకడానికే అన్నట్టుండేది వ్యవహారం. అన్నాలు తిన్నాక ఒక్కొక్కడే గోడ దిగి సెకండ్ షోకి పోవడం, అది వదిలాక బస్టాండులో టీ తాగడం, ఆ హీరోని తిట్టుకుంటూ, ఆ పాటలే పాడుకుంటూ తిరిగి రావడం. పొద్దున క్లాసులో వెనక బెంచీలన్నీ ఆవులిస్తుంటే లెక్చరరు పాఠం బాగా లేదేమోనని పాపం మళ్ళీ మొదట్నుంచీ చెప్పేవాడు.

ఆడపిల్లలకి ఆ యోగం లేదు. పొద్దుగుంకకముందే గేటుకి తాళం పడేది. భోజనాలు, చదువు, ఆ తర్వాత లైట్లు బంద్. గాలి ఇటు తిరిగిన రాత్రి సినిమాహాలు నించి పాట ముక్కలు తేలుతూ వచ్చి కిటికీల్లోంచి లోపలికి దూరేవి. పల్లవి వినపడితే చరణం వినపడేది కాదు. మంచాల మీద పడుకుని మిగతాది ఊహించుకుంటుంటే కడుపు మండిపోయేది. అబ్బాయిలకి చదువెక్కువా, లేక వాళ్ళ కళ్ళకి నిద్ర అక్కర్లేదా అని లాయరు ఒకసారి ప్రిన్సిపాల్‌నే అడిగింది. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు.

ఆ హాస్టల్‌కి వార్డెన్ టార్చి మేడం. ఆవిడ చేతిలో టార్చి లైటు లేకుండా చూసినవాళ్ళు లేరు. పట్టపగలు బజారుకి వెళ్ళినా సంచీలో అది ఉండాల్సిందే. కుడికాలు కొంచెం ఈడ్చి నడిచేది. రాత్రి వరండాలో సర్రు, సర్రుమని చెప్పు రాసుకుంటున్న చప్పుడు వస్తే చాలు, గుసగుసలన్నీ గప్‌చుప్‌గా దుప్పట్లో దూరేవి. కిటికీలోంచి వెలుగు వచ్చి ఒక్కొక్క మంచం మీదా ఒక్క క్షణం ఆగి వెళ్ళిపోయేది. మాట కటువు, నవ్వు కరువు. ఆవిడకి పెళ్ళి కాలేదని, కాబట్టే ఇలా తయారైందని పిల్లలు నిర్ధారించేశారు. ఆ వయసులో అన్నిటికీ అదే కారణం తోచేది.

వెలుగు వరండా చివరికి పోయి, ఆవిడ గది తలుపు పడ్డాక అసలు రాత్రి మొదలయ్యేది. డాబా తలుపు గొళ్ళెం పాతది. తలుపుని కాస్త పైకెత్తి పట్టుకుని తోస్తే అదే ఊడొచ్చేది. చెప్పులు మెట్ల మీద టపటపలాడతాయని మెట్ల కిందే వదిలేసి, దిండ్లు చంకన పెట్టుకుని పిల్లుల్లా పైకెక్కేవాళ్ళు. డాబా చివర పిట్టగోడని ఆనుకుని కూర్చునేవాళ్ళు. మెట్ల దగ్గర నీళ్ళ ట్యాంకు, నెత్తిన చుక్కలు, దూరంగా సినిమాహాలు దీపాలు. మధ్యలో టాకీసు.

"ఇవాళ ఏ సినిమా?" అని ఒకరు అడిగేవాళ్ళు. అంతే, సెకండ్ షో మొదలు.

టాకీసు సినిమా చెప్పిందంటే చూసినట్టే. పేర్లు పడేటప్పుడు వచ్చే సంగీతం దగ్గర్నుంచి నోటితో వాయించేది. హీరో మాట హీరోలాగే, విలన్ మాట విలన్‌లాగే. ఏడుపు ఘట్టమైతే దిండు కౌగిలించుకుని తానే ముందు ఏడ్చేది. పాట వస్తే పాడేది, పాట రాకపోతే 'ఇక్కడొక పాట' అని దాటేసేది. ఆ పిల్ల నోటి నుంచి సినిమా వినడానికి చెవి కోసుకునేవాళ్ళు. పొద్దున లెక్కల పరీక్ష పెట్టుకుని రాత్రి డాబా మీద హీరోయిన్ కోసం ముక్కులు చీదుకున్న వెర్రిమొహాలు అందరూ.

అయితే వాళ్ళెవరికీ తెలియని సంగతి ఒకటుంది. టాకీసు తన బతుకులో ఒక్క సినిమా కూడా ఇంటర్వెల్ తర్వాత చూడలేదు.

తప్పు ఆ పిల్లది కాదు, బస్సుది. చిన్నప్పట్నించీ సినిమా అంటే పక్క టౌనుకి పోవాల్సిందే. అక్కణ్ణించి వాళ్ళ ఊరికి ఆఖరి బస్సు హాలు ముందునుంచే, సరిగ్గా ఇంటర్వెల్ అయ్యే వేళకి కదిలేది. అది తప్పిపోతే నడకే. కాబట్టి తెర మీద ఇంటర్వెల్ అక్షరాలు పడగానే ఆ ఊరి జనమంతా చంటిపిల్లల్ని భుజాన వేసుకుని ఒక్కసారిగా లేచేవాళ్ళు. హాల్లో మిగిలినవాళ్ళు నవ్వేవాళ్ళు. ఇక బస్సులో రెండో సగం మొదలయ్యేది. హీరోకి గతం గుర్తొస్తుందని ఒకరు, కాదు, తల్లి గుర్తుపడుతుందని ఇంకొకరు. కండక్టరు టిక్కెట్లు కొడుతూనే, "అది కుదరదు, విలన్ ఇంకా బతికే ఉన్నాడు" అని తీర్పు చెప్పేవాడు. ఊరొచ్చేసరికి అందరికీ నచ్చిన ముగింపు ఒకటి తేలేది. టాకీసు అన్నయ్య మాత్రం ఏ సినిమాకైనా ఒకటే చెప్పేవాడు. "అందరూ చచ్చిపోతారు. ఇక పడుకో."

ఈ సంగతి లాయరుకి ఒక్కదానికే తెలుసు. అది కూపీ లాగితే బ్రహ్మదేవుడైనా దాచలేడు. "అంటే నువ్వు చెప్పే రెండో సగాలన్నీ కల్పితాలా?" అని నిలదీసి, కాసేపాలోచించి, "సర్లే, ఎవరికీ చెప్పను. అసలువాటికంటే ఇవే బాగుండి ఉంటాయి," అంది.

టాకీసు చదువు ఒక షరతు మీద నడుస్తోంది. తండ్రి చిన్నప్పుడే పోయాడు. అన్నయ్య బడి మానేసి పిండిమర నెత్తినేసుకున్నాడు. కనుబొమల్లో పిండి, చెవుల్లో మర మోత. చెల్లెల్ని కాలేజీలో దింపిన రోజున టార్చి మేడం ముందే చెప్పాడు.

"మేడం గారూ, మా పిల్లకి నోరెక్కువ. దీని మీద ఒక్క కంప్లయింట్ వచ్చినా నాకు చెప్పండి. మర్నాడే తీసుకుపోతా. మర దగ్గర మనిషి కావాలి నాకు."

చెడ్డవాడు కాడు. తాను వదిలేసిన చదువు చెల్లెలు ఆటలాడి పాడుచేస్తే భరించలేడు, అంతే. కానీ మర అంటే టాకీసుకి పై ప్రాణాలు పైనే పోయేవి. పొద్దస్తమానం ఆ మోతలో కూర్చోవాలి. అక్కడ ఒకరి మాట ఒకరికి వినపడదు. అందరూ చేతుల్తో సైగలు చేసుకుంటారు. మాటే బతుకైన పిల్లకి అంతకంటే నరకం ఉంటుందా? అన్నయ్య నెలకోసారి ఆదివారం వచ్చి, "అంతా సవ్యంగా ఉందాండీ?" అని టార్చి మేడాన్ని అడిగి వెళ్ళేవాడు. ఆవిడ తలూపేది. ఆ తల ఊగేదాకా టాకీసుకి ఊపిరాడేది కాదు.

ఆఖరి సంవత్సరంలో మొదలుపెట్టింది ఈ అక్కాచెల్లెళ్ళ సినిమా. అప్పటికే పాతది. ఆడలేదు కూడా, ఎవరికీ గుర్తు లేదు. ఇద్దరు అక్కాచెల్లెళ్ళు, అమ్మా నాన్నా లేరు. ఒక వానరాత్రి చెల్లెలికి జ్వరం ముదిరిపోతుంది. అక్క లాంతరు పట్టుకుని కాలవ అవతల ఉన్న డాక్టరు కోసం బయల్దేరుతుంది. కాలవ గట్టు మీద గాలి విసురుకి లాంతరు ఆరిపోతుంది. తెరంతా చీకటి. ఇంటర్వెల్.

ఆ చీకట్లోంచి అక్కని డాక్టరు ఇంటిదాకా నడిపించడానికి టాకీసుకి ఓ వారం పట్టింది. ఎందుకంటే పిల్లలు వదల్లేదు. మెరుపు మెరిసినప్పుడల్లా నాలుగడుగులు, మళ్ళీ చీకటి. అంత నెమ్మదిగా నడిపించింది. ఆ రాత్రి అక్క చివరికి డాక్టరు ఇంటి తలుపు కొట్టింది. లోపల్నించి జవాబు లేదు. మళ్ళీ కొట్టింది. సరిగ్గా అప్పుడే డాబా మీద నిజం వాన దబదబా కురిసింది.

ఇక చూడాలి తొక్కిసలాట. దిండ్లు నెత్తిన పెట్టుకుని అందరూ ఒక్కసారే మెట్ల మీద పడ్డారు. కింద చెప్పుల కుప్ప. హాస్టల్‌కి ఎదురుగా ఉన్నది ఒకే చెప్పుల కొట్టు, వాడి దగ్గరున్నవి ఒకే రకం, నీలం పట్టీల రబ్బరు చెప్పులు. రోజూ అయితే నిదానంగా కాలితో తడిమి ఎవరివి వాళ్ళు వెతుక్కునేవాళ్ళు. ఆ రోజు ఎవరి కాలికి ఏది తగిలితే అది. టాకీసు కూడా ఒక జత ఈడ్చుకుని గదిలో పడింది.

పొద్దున చెప్పుల వంక చూసుకుని బిగుసుకుపోయింది.

ఎడమ చెప్పు బాగానే ఉంది. కుడి చెప్పు మడమ దగ్గర ఒకవైపంతా అరిగిపోయి, కాగితమంత పల్చబడి ఉంది. ఆ అరుగుదల ఎవరి నడకదో హాస్టల్లో పసిపిల్లనడిగినా చెబుతుంది. అంటే పట్టీ తెగితే పిన్నీసు గుచ్చుకున్న టాకీసు చెప్పులు ఇప్పుడు టార్చి మేడం కాళ్ళకున్నాయి.

"కొంప మునిగిందే," అంది టాకీసు.

లాయరు చెప్పు తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "ఇవి మన కుప్పలో ఉన్నాయంటే ఆవిడ కూడా పైకొచ్చింది. చప్పుడవుతుందని మనలాగే కింద విడిచింది. మనం అరుచుకుంటూ దిగిపోయాక దిగింది. చివర మిగిలినవి నీవి. అవి వేసుకుంది." ఒక్క క్షణమాగి, "అంటే మొత్తం విన్నది," అంది.

"పట్టుకోడానికే వచ్చింది."

"పట్టుకోలేదుగా?"

"ఆదివారం అన్నయ్యొస్తాడు. ఆయనకే చెబుదామని ఆగింది." టాకీసు మంచం మీద కూలబడింది. పరీక్షలు ఇంకెంతో దూరం లేవు. డిగ్రీ చేతికొచ్చే వేళకి, అన్నయ్య పక్కన కూర్చుని సైగలు చేసే బతుకు. అప్పుడే చెవుల్లో మర తిరగడం మొదలైంది.

ఆ రోజంతా అన్నం సయించలేదు. చెప్పులు గోడవతల పారేద్దామని లాయరు సలహా ఇచ్చింది. సాక్ష్యం లేకపోతే కేసు లేదట. పిన్నీసు చెప్పులు అవతలివాళ్ళ దగ్గరుండగా ఇదేం తెలివో దానికే తెలియాలి. సాయంత్రానికి టాకీసు ఇక తట్టుకోలేక ఆ జత కాగితంలో చుట్టుకుని టార్చి మేడం గది తలుపు తట్టింది.

"రా. తలుపు దగ్గరగా వెయ్యి."

ఆ గది లోపల్నించి చూసిన పిల్లలు లేరు. మంచం, కుర్చీ, బల్ల. బల్ల మీద టార్చి లైటు, దాని పక్కన ఒక ఫొటో. రెండు జడల పిల్లలిద్దరు, ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని. టార్చి మేడం కుర్చీలో కూర్చుని ఉంది. కాళ్ళకి పిన్నీసు చెప్పులు. దాచే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

"మేడం, ఇవి... మీవనుకుంటానండి."

ఆవిడ ఆ కాగితం పొట్లం వంక చూడలేదు. "కూర్చో," అంది.

టాకీసు మంచం అంచు మీద కూర్చుంది. ఎన్నాళ్ళ నుంచి సాగుతోంది ఈ బాగోతం, ఎవరెవరు, తలుపెలా తీశారు. అన్నిటికీ జవాబులు మనసులో సిద్ధం చేసుకుంటోంది. తనొక్కదాని పేరే చెప్పాలని కూడా నిర్ణయించుకుంది.

"ఆ చెల్లెలు ఏమైంది?" అంది టార్చి మేడం.

"ఏ చెల్లెలండి?"

"నిన్న వానొచ్చి ఆపేశావుగా. అక్క తలుపు కొట్టింది. డాక్టరు పలకలేదు. తర్వాత?"

టాకీసుకి నోట మాట రాలేదు. బతుకులో మొదటిసారేమో. నిజం చెప్పాలంటే ఆ చెల్లెల్ని ఏం చెయ్యాలో ఇంకా తేల్చుకోలేదు. చంపేస్తే బాగా ఏడుపొస్తుందని లాయరు గట్టిగా పట్టుబడుతోంది. టాకీసుకీ అదే సబబనిపిస్తోంది. కానీ ఎదురుగా ఉన్న మనిషి మొహం చూస్తే ఆ మాట అనబుద్ధి కాలేదు.

"బతుకుతుందండి," అంది. "డాక్టరు లేస్తాడు. వస్తాడు. బతుకుతుంది."

టార్చి మేడం బల్ల మీది టార్చి తీసుకుని వెలిగించింది, ఆర్పింది. మళ్ళీ వెలిగించింది.

"ఆ సినిమా నాకు తెలుసు," అంది. "అందులో అలా ఉండదు. దీపం ఆరిపోయాక అక్క గట్టు మీంచి జారి పడిపోతుంది. లేవలేదు. అరుస్తుంది. వాన హోరులో ఎవరికి వినపడుతుంది? తెల్లారాక పొలానికెళ్ళేవాళ్ళెవరో చూసి ఇంటికి మోసుకొస్తారు. అప్పటికే అయిపోతుంది." టార్చి ఆర్పింది. "చెల్లెలు చచ్చిపోతుంది. అంతే సినిమా."

"అయ్యో," అంది టాకీసు. "నాకు తెలీదండి. నేను ఇంటర్వెల్ దాకానే..." అని నాలిక కరుచుకుంది. టార్చి మేడం పెదవి చివర ఏదో కదిలింది. నవ్వో కాదో చెప్పడం కష్టం.

"నువ్వు మాత్రం ఆ పిల్లని బతికించు."

"మరి అది అబద్ధం చెప్పినట్టవదాండీ?"

"చూసినదాన్ని ఇక్కడ నేనొక్కదాన్నే. నేనెవరికీ చెప్పను." ఆవిడ వంగి పిన్నీసు చెప్పులు విడిచి కాలితో ముందుకి తోసింది. "నీవి తీసుకుపో. ఆ పిన్నీసు గుచ్చుకుంటోంది. కొత్త పట్టీ వేయించుకో."

టాకీసు గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "ఆదివారం మా అన్నయ్య వస్తాడండి."

"రానీ."

ఆ రాత్రి డాబా మీద డాక్టరు తలుపు తీశాడు. పెద్ద దీపం పట్టుకుని అక్క వెనకే పరుగెత్తాడు. రాత్రంతా చెల్లెలి మంచం పక్కనే కూర్చున్నాడు. తెల్లవారుజామున చెల్లెలు కళ్ళు తెరిచి, "అక్కా, దాహం" అంది. టాకీసు ఆ మాట మామూలుగా అనలేదు. నీళ్ళ ట్యాంకు వైపు తిరిగి, అక్కడికి వినపడేంత గట్టిగా అంది. ట్యాంకు వెనక ఎవరో ముక్కు చీదిన చప్పుడైంది. పిల్లలు ఉలిక్కిపడేలోపు లాయరు పెద్దగా దగ్గి, తుమ్మి, మళ్ళీ దగ్గి, ఆ చప్పుడంతా తనదే అన్నట్టు హడావిడి చేసింది.

ఆదివారం అన్నయ్య వచ్చాడు. "అంతా సవ్యంగా ఉందాండీ? రాత్రుళ్ళు కబుర్లేం చెప్పడం లేదు కదా?"

టాకీసు స్తంభం పక్కన నించుని ఉంది.

"లైట్లారగానే పడుకుంటుంది," అంది టార్చి మేడం, కనురెప్ప కదపకుండా. "గురక ఒక్కటే ఇబ్బంది. వరండా చివరిదాకా వినపడుతుంది."

అన్నయ్య తెల్లబోయాడు. "ఇంట్లో గురక పెట్టదండీ."

"చదువు అలసట."

పాపం అన్నయ్య నమ్మేశాడు. మరుసటి నెల గురక తగ్గుతుందని ఎవరో చెబితే ఒక మెత్తటి దిండు మోసుకొచ్చాడు. ఇప్పటికీ బంధువుల్లో ఎవరైనా టాకీసు పక్కన పడుకోవాల్సొస్తే, "మా చెల్లెలు గురక పెడుతుంది, చూసుకోండి," అని హెచ్చరిస్తాడు. టాకీసు ఆ అపవాదు ముప్పై ఏళ్ళుగా మోస్తోంది. చదువు దక్కినందుకు అదేం పెద్ద బరువు కాదు.

ఆ తర్వాత ట్యాంకు వెనక ఒక ముక్కాలిపీట వెలిసింది. ఎవరు పెట్టారో ఎవరూ అడగలేదు. మెట్ల కింద చెప్పుల కుప్పలో ఒకవైపు అరిగిన చెప్పు పక్కగా, విడిగా ఉండేది. పిల్లలు దాన్ని తొక్కకుండా దాటి పైకెక్కేవాళ్ళు. డాబా మీద ఎవరూ అటు తిరిగి చూసేవాళ్ళు కారు. టాకీసు గొంతు మాత్రం అప్పట్నించీ ఒక మెట్టు పెరిగింది. ఆ పరీక్షల ముందు రోజులూ, ఆ చుక్కలూ, గాలిలో వచ్చే పాట ముక్కలూ తల్చుకుంటే ఇవాళ్టికీ ఆవిడ కడుపు నిండిపోతుంది. అంత సంతోషంగా మళ్ళీ ఎప్పుడుంది? పెళ్ళిలో కూడా కాదు, మొగుడు వినకుండా ఉంటే ఆ మాట పైకే అంటుంది.

తర్వాత ఏళ్ళలో టాకీసు చెప్పిన సినిమాలన్నీ ఒక్కొక్కటే టీవీలో వచ్చాయి. ఒక్కొక్కత్తే ఫోన్ చేసి తిట్టింది. "ఒసేయ్, హీరో అసలు జైలుకే వెళ్ళడటే" అని. తిట్టి తిట్టి చివర్న మాత్రం, "నీదే బాగుంది," అనేవాళ్ళు. ఈ ఒక్క సినిమా మాత్రం ఎక్కడా రాలేదు. రాకపోవడమే మంచిదనుకుంది టాకీసు. వచ్చినా చూడకూడదనుకుంది. చెల్లెలు బతికింది. ఆ మాట టార్చి మేడానికిచ్చింది. అది తెర మీద చచ్చిపోతుంటే కూర్చుని చూడటం నమ్మకద్రోహంలా తోచింది.

టార్చి మేడం పోయి కొన్నేళ్ళవుతోంది. కబురు ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు టీవీలో గాలి విసిరింది. లాంతరు ఆరిపోయింది. తెరంతా చీకటి, దాని మీద తెల్లటి అక్షరాలు.

"ఇంటర్వెల్," అంది ఫోన్లోంచి లాయరు. "ఇక కట్టేసుకో."

టాకీసు రిమోట్ చేతిలోకి తీసుకుంది. బొటనవేలు బొత్తాం మీద పెట్టింది. అలవాటుగా కాళ్ళు కూడా లేవబోయాయి, బస్సు కోసం. కానీ లేవలేదు.

"చూస్తానే," అంది. "ఇది ఆవిడ ఒక్కతే చూసి, నాకు తప్ప ఎవరికీ చెప్పకుండా దాచుకుంది. ఇప్పుడు దాచడానికి ఆవిడ కూడా లేదు. ఒక్కసారి ఆవిడ చూసింది నేనూ చూస్తా."

ప్రకటనలయ్యాయి. రెండో సగం మొదలైంది. గట్టు మీద అక్క చీకట్లో నిలబడి ఉంది. అంతలో రెండు కారు దీపాలు. కారులోంచి దిగింది డాక్టరే, కుర్రవాడు, అందగాడు. ఎవరింటికో వెళ్ళి తిరిగొస్తున్నాడు. అక్క జారి పడలేదు. అరవలేదు. మరో నిమిషంలో డాక్టరు చెల్లెలి చెయ్యి పట్టుకుని నాడి చూస్తున్నాడు. ఆ తర్వాతి సీనులో చెల్లెలు లేచి కూర్చుని పాట పాడేస్తోంది. అక్కకి డాక్టరు, చెల్లెలికి డాక్టరు తమ్ముడు. మధ్యలో కోడి వెంట పరిగెత్తే హాస్యగాడొకడు. చివర్లో అందరూ కలిసి ఫొటో దిగారు. శుభం.

టీవీలో మళ్ళీ ప్రకటనలు మొదలయ్యాయి.

"ఎవరూ చావలేదేమే," అంది లాయరు. దాని గొంతులో వాదనంతా పోయింది. "ఆవిడ ఇంకేదో సినిమా చూసి ఇదనుకుందేమో."

"ఆవిడ ఈ సినిమా చూడలేదే. ట్యాంకు వెనక నేను చెప్పిందే విన్నది. మొదటి సగం."

"మరి ఆ పడిపోవడం, తెల్లారేదాకా అరవడం..."

"అది ఆవిడదే." చెబుతుంటేనే టాకీసుకి ఒక్కొక్కటే తెలిసొచ్చింది, ఇన్నేళ్ళూ కళ్ళెదుటే ఉన్నవి. ఈడ్చే కుడికాలు. పగలు కూడా వదలని టార్చి. రాత్రి ఒక్కొక్క మంచం మీదా ఆగి, పడుకున్న పిల్ల ఊపిరి తీస్తోందని చూసుకుని కదిలే వెలుగు. బల్ల మీద ఫొటోలో రెండు జడల పిల్లలు. "ఆవిడ చెల్లెలేనే చచ్చిపోయింది. ఆవిడ గట్టు కింద కాలు విరిగి పడి ఉండగా. నాతో సినిమా అని చెప్పింది."

అన్నయ్యతో గురక అబద్ధం ఆడినప్పుడు, టార్చి మేడం బతుకులో ఆడినది అదొక్కటే అయి ఉంటుందనుకుంది టాకీసు. అప్పటికే ఇంకొకటి ఆడి ఉందని ఇప్పుడు తెలిసింది. టాకీసుకి ఏడుపాగలేదు. ఫోన్లో లాయరు కూడా ఏడుస్తోంది. ఏ ఆధారాలూ అడగలేదు.

కాసేపటికి లాయరు ముక్కు తుడుచుకున్న చప్పుడైంది. "చెప్పవే," అంది.

"ఏం చెప్పను?"

"ఆ రాత్రి చెప్పినట్టే. డాక్టరు తలుపు తీసిన దగ్గర్నుంచి."

టాకీసు టీవీ కట్టేసింది. పక్కగదిలో మొగుడు నిద్రలో ఉన్నాడు. కళ్ళు తుడుచుకుని, దిండు ఒళ్ళో పెట్టుకుని, ఆయన లేస్తాడని కూడా చూసుకోకుండా, ట్యాంకు వెనక్కి వినపడేంత గట్టిగా మొదలుపెట్టింది.